జీరో టికెట్‌తో వండర్‌లా

"మేడమ్, ఒక్కరేనా?" అన్నాడు హైదరాబాద్ వండర్‌లా పార్కులో రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ దగ్గర అబ్బాయి. అవునన్నాను. వెంటనే ఖాళీగా ఉన్న సీటు చూపించాడు. నా ముందున్న గుంపు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఇంకా తేల్చుకుంటూనే ఉంది.

ముందుకు దూసుకెళ్లి మూడుసార్లు తలకిందులు చేసింది. హమ్మయ్య అనుకునేలోపే అదే దారిలో వెనక్కి, ఇంకో మూడుసార్లు! వెనక్కి వెళ్తుంటే ఏ మలుపు వస్తోందో తెలియదు. గొంతు పోయేలా అరిచాను. పక్క సీట్లోని పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దిగాక "అక్కా, మళ్లీ ఎక్కుదామా?" అంది. ఎక్కాం.

ఖర్చంటారా? ఆధార్ చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్‌తో సిటీ బస్సులు, చివర్లో రావిర్యాల వైపు షేర్ ఆటో. వారం మధ్యలో వెళ్లాను కాబట్టి ఎంట్రీ టికెట్ కూడా తక్కువే. ఇంట్లో కలిపిన పులిహోర గేటు బయట చెట్టు కింద తినేసి లోపలికి వెళ్లాను. మళ్లీ సాయంత్రం టీ దాకా పర్సు తీయలేదు.

ఎవరైనా తోడు వస్తే వెళ్దామని రెండేళ్లుగా వాయిదా వేశాను. ఈరోజు వేవ్ పూల్‌లో నీళ్ల మీద వెల్లకిలా తేలుతుంటే, టైమ్ ఎంతైందని అడిగేవాళ్లే లేరు. ఎంత హాయిగా ఉందో!

ఇప్పుడు బస్సులో కిటికీ పక్కన ఉన్నాను. జుట్టు ఇంకా ఆరలేదు.