ఓడ ఆగిన ఆరు గంటలు

ఒడిశాలోని బ్రహ్మపురంలో పుట్టి పెరుగుతున్న మా పిల్లలిద్దరికీ తెలుగు ఇంటి భాష, ఒడియా బడి భాష. వీధిలోనూ, ఆటలోనూ, చివరికి నిద్రలో కలవరించేటప్పుడు కూడా వారి నోట ముందుగా వచ్చేది ఒడియాయే. మా అత్తగారిని సైతం వారు మామ్మా అని పిలవరు, జెజేమా అంటారు. ఆవిడ టెక్కలి నుంచి కోడలిగా ఈ ఊరు వచ్చి యాభై ఏళ్లు దాటింది కనుక ఆ పిలుపుకు పలుకుతారు, కానీ సింహాద్రి అప్పన్న కథలు పిల్లలకు తెలుగులో చెబుతున్నప్పుడు వారు సగంలో లేచి వెళ్లిపోతే మాత్రం చిన్నబుచ్చుకుంటారు. 1936 దాకా ఈ గంజాం ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోనే ఉండేదనీ, రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి 1894లో ఈ ఊళ్లోనే ఒక తెలుగు ఇంట పుట్టారనీ నేను ఎన్నిసార్లు చెప్పినా, అది వారికి పాఠంలాగే వినిపించింది గాని తమ సంగతిగా తోచలేదు.

ఆ మధ్య చెన్నైలో బయలుదేరి, విశాఖపట్నంలో ఒక పగలు, పుదుచ్చేరిలో ఒక పగలు ఆగి తిరిగి చెన్నై చేరే విహార నౌకలో ప్రయాణం పెట్టుకున్నాము. మా ఊరి నుంచి రైలులో విశాఖ మీదుగానే చెన్నైకి వెళ్లి, మళ్లీ సముద్రం మీద విశాఖకే రావడమేమిటని బంధువులు అడిగారు. పిల్లలకు ఓడ ఎక్కాలనే కోరిక గోపాల్‌పూర్ తీరంలో పుట్టింది. అక్కడ నీళ్లలో నిలిచిన పాత జెట్టీ స్తంభాలను చూపించి, ఒకప్పుడు ఈ రేవు నుంచే జనం కూలి పనులకు రంగూన్ వెళ్లేవారనీ, వారిలో మీ తాతగారి తాత ఒకరనీ చెప్పినప్పటి నుంచి వారు ఆ కోరికను వదలలేదు.

ఓడ విశాఖలో ఆగే ఆ ఒక్క పగటిని ఎలా గడపాలన్నది మాకు పెద్ద ఆలోచనే అయింది. మావారు మొదట వేసిన జాబితాలో ఆర్కే బీచ్, అక్కడి కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, తొట్లకొండ బౌద్ధారామం, సింహాచలం, వీలైతే అరకు కూడా ఉన్నాయి. అరకు ఒక్కదానికే ఒకవైపు వంద కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు ప్రయాణం కనుక అది ముందే పోయింది. మిగిలినవాటిని కాగితం మీద కలుపుకుంటూ పోతే అన్నీ పట్టేటట్టే కనిపించాయి. అయితే ఓడ దిగి ఊరు చూసేవారు లెక్కను ఉదయం నుంచి ముందుకు వేయకూడదు, సాయంత్రం నుంచి వెనక్కు వేసుకోవాలి. మా ఓడ కదిలేది ఆరు గంటలకు, ప్రయాణికులందరూ లోపల ఉండవలసిన గడువు ఐదు గంటలకు. గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూడడానికి, సామాను తనిఖీకి అరగంట తీసివేయాలి. దారిలో ట్రాఫిక్ ఆగిపోతే అక్కరకు వచ్చేందుకు నిండా ఒక గంట పక్కన పెట్టాలి. అంటే మూడున్నరకల్లా మేము రేవు గేటు ముందు ఉండాలి. ఉదయం ఎనిమిదికి ఓడ ఒడ్డుకు చేరినా, అందరినీ ఒకేసారి దించరు కనుక తొమ్మిదిన్నర లోపు బయటపడతామన్న ఆశ లేదు. పగలంతా అనుకున్నది ఆరు గంటలకు కుదించుకుపోయింది. ఓడ వారే నడిపే బస్సు యాత్రకు వెళ్తే, ఆ బస్సు ఆలస్యమైనా సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా కారు మాట్లాడుకుని వెళ్లినవారి కోసం ఆగదు. ముసలావిడ నడకకు తగినట్టు మెల్లగా తిరగాలని మేము కారునే కోరుకున్నాము గనుక, ఆ పక్కన పెట్టిన గంటను ఎవరు ఏమన్నా ముట్టుకోనివ్వలేదు.

ఆరు గంటల్లో అయిదు చోట్లు చూపిస్తే పిల్లలకు మిగిలేది కారు కిటికీయే. ఒక్కచోటికే వెళ్దామని నేను పట్టుబట్టాను. అత్తగారు సింహాచలమన్నారు, మా పన్నెండేళ్ల అబ్బాయి జలాంతర్గామి అన్నాడు. అప్పుడు వాడిని కూర్చోబెట్టి కోణార్క గుడి కట్టించిందెవరని అడిగాను. ఒడిశా బడిలో చదివే ఏ పిల్లవాడైనా ఆ ప్రశ్నకు తడుముకోడు. లాంగూల నరసింహదేవుడని చెప్పి, పన్నెండు వందల మంది శిల్పులకూ సాధ్యం కాని శిఖరాన్ని పన్నెండేళ్ల ధర్మపదుడు నిలిపి, వారి ప్రాణాల కోసం సముద్రంలోకి దూకిన కథ కూడా ఒడియాలో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మీ జెజేమా దండం పెట్టే సింహాచలం గుడిని 13వ శతాబ్దిలో ఇప్పుడున్న రూపానికి తెచ్చింది కూడా ఆ రాజేనని చెప్పాను. వాడు కాసేపు నమ్మలేదు. “మరి జెజేమా ఎప్పుడూ చెప్పలేదేం?” అన్నాడు. ఆవిడకూ అప్పటిదాకా తెలియదు.

ఓడ దిగిన రోజున మా లెక్కలో అరగంట ఆదిలోనే పోయింది. మేము మాట్లాడుకున్న కారు వేరొక గేటు దగ్గర నిలబడింది. రేవుకు ఒకటి కన్న ఎక్కువ గేట్లు ఉంటాయనీ, 2023లో ప్రారంభించిన క్రూయిజ్ టెర్మినల్ గేటు ఏదో డ్రైవరుకు ముందు రోజే చెప్పి ఉంచాలనీ అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం రాజభోగం వేళకు దర్శనం ఆపుతారు కనుక, ఆ లోపు కొండ ఎక్కగలమా అని నేను గడియారం చూస్తూనే కూర్చున్నాను. ఎక్కగలిగాము.

ఏడాదిలో అక్షయ తృతీయ నాడు తప్ప స్వామి నిజరూపం కనిపించదు, మిగిలిన దినాలన్నీ చందనమే. పిల్లలు విగ్రహం కోసం వెతుక్కుంటుంటే అత్తగారు వారి చెవిలో ఆ సంగతి తెలుగులోనే చెప్పారు, వారు తెలుగులోనే విన్నారు. ఆ తరువాత ఆవిడ కప్ప స్తంభాన్ని కౌగిలించుకుని కళ్లు మూసుకున్నారు.

మేమంతా బయటి మంటపంలో నిలబడి ఉండగా మా అమ్మాయి ఒక రాతి స్తంభం దగ్గర ఆగిపోయింది. ఆ గుడిలో తెలుగు, సంస్కృతం, ఒడియా, తమిళ శాసనాలు వందల కొద్దీ ఉన్నాయి. అమ్మాయి ముందు ఉన్న శాసనం ఏ భాషదో నేను చెప్పలేకపోయాను. నూనె చేతులు తగిలి తగిలి నల్లగా నున్నబడిన ఆ రాతి మీద, దీపం వెలుగు ఏటవాలుగా పడినచోట మాత్రమే గీతలు తేలుతున్నాయి. అమ్మాయి చూపుడు వేలితో ఒక అక్షరం తల మీది గుండ్రని వంపును రాసి, ఇది మా అక్షరాల గొడుగులాగే ఉందే అంది. ఒక్క మాట కూడా చదవలేకపోయింది. అయినా ఆ వంపు దొరికినచోటల్లా వేలు పెడుతూ, కూర్చుని, వంగి, స్తంభం చుట్టూ తిరిగింది. మా అబ్బాయి దాని పక్కనే తెలుగు తలకట్టు కోసం వెతికాడు. ఇంట్లో తెలుగు వాచకం తెరవమంటే మొహం ముడుచుకునే పిల్లవాడు తలకట్టును తానై వెతకడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల మీద గెలిచి 1516లో ఈ కొండకు వచ్చి, స్వామికి ఆభరణాలు సమర్పించి శాసనం వేయించాడని అక్కడే చెప్పాను. మా ఇంట్లో రాయల పేరు గర్వంగా పలుకుతాము. పిల్లల బడిలో మాత్రం ఆయన చేతిలో ఓడిన ప్రతాపరుద్ర గజపతి తమ రాజు. మా అబ్బాయి వెంటనే “అమ్మా, అయితే మనం ఎవరి వైపు?” అని అడిగాడు. ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని నాకు తెలుసు, కానీ జవాబు సిద్ధం చేసుకోలేదు. నాకు తెలిసిన ఒక్క సంగతినే చెప్పాను: గెలిచి వచ్చిన రాజు, నరసింహదేవుడి వంశం వారైన గాంగుల శాసనాలను చెక్కించి చెరిపించలేదు నాన్నా, వాటిని ఉండనిచ్చి తనది వేరుగా వేయించుకున్నాడు. వాడు ఇంకేమీ అడగలేదు. తృప్తి పడ్డాడో లేదో నేనూ అడగలేదు.

కొండ దిగి భోజనం ముగించేసరికి రెండు దాటింది. బీచ్ రోడ్డులో కారు దిగకుండానే జలాంతర్గామిని చూపించి, మూడూ ఇరవైకి గేటు చేరాము.

సాయంత్రం ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సముద్రంలోకి మళ్లుతుండగా అత్తగారు ప్రసాదం పొట్లం విప్పి తలా కాస్త పులిహోర పెట్టారు. అమ్మాయి ఆ పొట్లం కాగితం మీదే అప్పన్న పేరును ఒక వరుసలో ఒడియాలోనూ, దాని కింద తెలుగులోనూ రాసి, తెలుగులో ద్విత్వం సరిగ్గా వచ్చిందా అని మామ్మకు చూపించింది. “నకార వత్తు ఇంకొంచెం కిందకి దించు తల్లీ” అన్నారావిడ. మా అబ్బాయి మాత్రం పుదుచ్చేరిలో ఓడ కదిలేది ఎన్ని గంటలకని నన్ను అడిగి, చెల్లెలి చేతిలోని పెన్సిల్ తీసుకుని, ఆ గడువును కాగితం అంచున రాసుకుని, దాని నుంచి వెనక్కు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.