మా అమ్మ, నా కూతురి అమ్మమ్మ

మా అమ్మ నా చిన్నతనంలో చాలా కచ్చితమైన మనిషి. కంచంలో మెతుకు మిగిలితే లేవనిచ్చేది కాదు, చీకటి పడ్డాక గుమ్మం దాటనిచ్చేది కాదు, లెక్కల్లో మార్కులు తగ్గిన రోజున నాతో మాట్లాడేదే కాదు. అదే మనిషి ఇప్పుడు విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో, ఏడో తరగతి చదువుతున్న నా కూతురికి గోంగూర పచ్చడి కలిపి ముద్దలు పెడుతూ ఉంటుంది. ఇంత పిల్లకు ఇంకా ముద్దలేమిటని నేనంటే, "నీ చెయ్యేమైనా నొప్పెడుతోందా?" అని ఎదురు అడుగుతుంది.

అసలు కన్నా వడ్డీ ముద్దు అని లోకం ఈ సంగతిని తేల్చేస్తుంది. నాకు ఆ సామెత మీద కొంచెం కోపం. వడ్డీ కూర్చున్న చోటికే వస్తుంది. వీళ్లిద్దరి బంధం అలా వచ్చింది కాదు. నేను ప్రసూతి సెలవు ముగించుకుని ఉద్యోగానికి వెళ్లిన నాటి నుంచి, పిల్లకు నలుగు పెట్టి నీళ్లు పోసింది, కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గు పట్టింది, పళ్లు వచ్చేటప్పుడు నిద్రపోని రాత్రుళ్లలో భుజాన వేసుకుని తిరిగింది ఆవిడే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీద విరుచుకుపడినప్పుడు పాపకు ఇంకా ఏడాది నిండలేదు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి మా కిటికీ అద్దాలు పగిలి జల్లు హాల్లోకి కొడుతుంటే, ఆవిడ పిల్లను కొంగులో చుట్టుకుని, కిటికీ లేని సామాన్ల గదిలోకి వెళ్లి కూర్చుని, హోరు తగ్గేదాకా ఏదో ఒకటి పాడుతూనే ఉంది. ఆవిడకు అన్ని పాటలు వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు కరెంటు లేదు, కొళాయి నీళ్లు లేవు, ఫోన్లు పలకలేదు. పచ్చగా ఉండే కైలాసగిరి చెట్లు పోయి బోసిగా కనిపించేది. నేను పాల ప్యాకెట్ల కోసం వరుసలో నిలబడితే, ఆవిడ నీళ్లు మరిగించి, చల్లార్చి, గిన్నెల మీద మూతలు పెట్టి, పిల్లకు తప్ప ఎవరినీ ముట్టనివ్వలేదు. అవేవీ గుర్తుండే వయసు కాదు పాపది. అయినా ఈనాటికీ గాలివాన రాత్రి అది దిండు పట్టుకుని వెళ్లేది అమ్మమ్మ గదికే.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రిల్లింగ్ బృందం మనవలున్న 50 మంది స్త్రీల మెదళ్లను స్కాన్ చేసి, 2021లో ఫలితాలు ప్రకటించింది. మనవల ఫొటో చూసినప్పుడు ఎదుటివారి సంతోషాన్నీ బాధనూ తామే అనుభవించడానికి సంబంధించిన భాగాలు ఎక్కువగా చురుకైతే, పెద్దవాళ్లైన సొంత పిల్లల ఫొటో చూసినప్పుడు వాళ్లేమి ఆలోచిస్తున్నారో, ఎందుకలా ఉన్నారో అర్థం చేసుకోవడానికి సంబంధించిన భాగాలు ఎక్కువగా చురుకయ్యాయట. చదివి నవ్వుకున్నాను. నేను ఆఫీసు నుంచి ముఖం వేలాడేసుకుని వస్తే "ఏమైంది? ఎవరేమన్నారు?" అని మా అమ్మ ఆరా తీస్తుంది, పాప అదే ముఖంతో బడి నుంచి వస్తే ఏమీ అడగదు, ముందు తన ముఖమే వాడిపోతుంది.

మార్గశిర గురువారాల్లో ఇద్దరూ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళతారు. పైకప్పు లేని ఆ గర్భాలయంలో భక్తులు తమ చేతులతో తామే అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించుకోవచ్చు గనుక, పాపకు నడక వచ్చిన నాటి నుంచి ఆ చిన్న చేతిని పట్టుకుని పసుపు వేయించింది ఆవిడే. అమ్మవారి ఎడమ చేయి ఎందుకు లేదని పాప ప్రతి ఏడూ అడుగుతుంది. ఆవిడ ప్రతి ఏడూ కథను కొంచెం మార్చి చెబుతుంది. మార్చిందని పాపకు తెలుసు. అయినా అడుగుతుంది.

ఇక సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి కొండ దిగువన తొలిపావంచా, అంటే తొలి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే ఆ మొక్కును ఒకప్పుడు మా అమ్మ ఏటా తీర్చుకునేది. మోకాళ్లు మొరాయించాక, నడిచేవాళ్లు మా కాలనీ మీదుగానే వెళతారు కనుక, రోడ్డు పక్కన బల్ల వేసుకుని మనవరాలితో కలిసి మజ్జిగ పంచుతోంది. కిందటి ఆషాఢంలో పాప తానూ నడుస్తానని పట్టుబట్టింది. రాత్రి పూట, అంత జనంలో కుదరదని నేను కరాఖండిగా చెప్పాను. కాసేపటికి చూస్తే బల్ల దగ్గర మజ్జిగ బిందె ఉంది గానీ మనుషులు లేరు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఇసుకతోట దాకా నడిచి, అక్కడ ఎవరి అరుగు మీదో కూర్చుని, నాకు ఫోన్ చేశారు. నేను కోప్పడేలోపే మా అమ్మ అందుకుంది: "దాన్నేమీ అనకు. నేనే రమ్మన్నాను." వెనక నుంచి పాప గొంతు వినిపించింది: "కాదమ్మా, నేనే తీసుకొచ్చాను."