నాలుగున్నర ఎకరాలు: బాపుతో బర్గండీ ద్రాక్ష తోటల్లో ఒక రోజు

మా బాపు పారిస్ వచ్చి రెండు వారాలైనా ఈఫిల్ టవర్ గురించి ఒక్క మాట అనలేదు. ఊరు దాటి రైల్లో ఎటైనా పోతే మాత్రం కిటికీకి ముఖం ఆనించి కూర్చునేవాడు. "గది గోధుమనా బిడ్డా? నీళ్లేడికెళ్లి పెడుతున్నరు?" అని అడుగుతూనే ఉండేవాడు. ఆయన్ని తీసుకుపోవాల్సింది మ్యూజియాలకు కాదని అప్పుడు తట్టింది నాకు.

మేడ్చల్ అవతల మాకు నాలుగున్నర ఎకరాల అనాబె షాహి ద్రాక్ష తోట ఉండేది. రాతి కడీలు పాతి, తీగలు లాగి, తల మీద పందిరి. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను ఆ పందిరి కిందే చదువుకున్నాను. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. తోట తీసేశాం. తర్వాత బాబాయిలతో పంపకాలయ్యాయి, ఆ తర్వాత ప్లాట్లయ్యాయి. తోట గురించి బాపు ఇంట్లో మాట్లాడడు. మేమూ ఎత్తం.

ఫ్రాన్సులో ద్రాక్ష పండే ప్రాంతాలు చాలా ఉన్నాయి. నేను బర్గండీ ఎంచుకోవడానికి మొదటి కారణం రైలు. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌లో ఎక్కితే గంటన్నర దాటీ దాటకముందే దిజోన్‌లో దిగొచ్చు. రెండో కారణం, అక్కడ తోటలు చిన్నవి. బోర్దోలో పెద్ద పెద్ద కోటలు, వాటి చుట్టూ పెద్ద పెద్ద ఎస్టేట్లు. బర్గండీలో ఒక్కో రైతుకు ఇక్కడో నాలుగు సాళ్లు, అక్కడో పది సాళ్లు ఉంటాయి. బాపుకి అర్థమయ్యే లెక్క అదే.

బుకింగ్ దగ్గర మొదట దెబ్బతిన్నాను. ప్రైవేటు టూర్ అని డబ్బు కట్టించుకున్న ఒక సంస్థ, ఇంకా నాలుగు రోజులుందనగా, మమ్మల్ని ఎనిమిది మంది ఎక్కే వ్యానులో కలిపేశామని మెయిల్ పెట్టింది. రోజంతా ఆరు చోట్ల వైన్ రుచి చూపిస్తారట, తోటలో ఆగేది ఒక్కసారి, అదీ ఫోటోల కోసం. అడ్వాన్సు వెనక్కి రాబట్టడానికి మూడు వారాలు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎవరడిగినా ఇదే చెబుతున్నాను: "కారులో మేం తప్ప ఇంకెవరూ ఉండరు" అనే మాట డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి.

రెండోసారి సొంతంగా పనిచేసే ఒక గైడుకు రాశాను. అక్కడి బోన్ పట్టణంలో ద్రాక్ష సాగు చదువుకున్న ఆవిడ. ఆ ఉత్తరంలో వైన్ల పేర్లేమీ రాయలేదు. మా బాపు పాతికేళ్లు ద్రాక్ష పండించాడని, చేతులతో చేసిన మనిషని, నేల గురించీ కటింగు గురించీ అడుగుతాడని రాశాను. అమ్మ వైన్ ముట్టదని, శనివారం నీసు తినదని రాశాను. మూడు సెల్లార్లు (వైన్ నిల్వచేసే నేలమాళిగలు) వద్దు, ఒక్కటి చాలు, మిగతా సమయమంతా తోటల్లోనే ఉండాలని అడిగాను. ఆవిడ జవాబులో మొదటి ప్రశ్న, "మీ నాన్నగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? వాలులో నడవగలరా?" అని. ఆ ఒక్క మాటతో నా మనసు కుదుటపడింది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి టూర్లకు గైడు ఫీజు మనిషికింత అని ఉండదు, కారుకు రోజుకింత అని ఉంటుంది. సెల్లార్‌లో రుచి చూపే రుసుము, భోజనం వేరు. ముగ్గురికీ కలిపి, రైలు టికెట్లు కాక, మాకు ఆరు వందల యూరోలు దాటింది. తక్కువ డబ్బేమీ కాదు. కానీ నలుగురుంటే కూడా దాదాపు అంతే అవుతుంది, కాబట్టి ఇద్దరు తోడుంటే భారం తగ్గుతుంది. ఆదివారాలు చాలామంది రైతులు ఎవరినీ రానివ్వరు. కోతల కాలంలో, అంటే ఆగస్టు చివరినుంచి సెప్టెంబరు దాకా, వాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు. మేం మార్చి చివరి శనివారం వెళ్లాం. ఆకు ఉండదు, ఫోటోలు అందంగా రావు అని గైడు ముందే హెచ్చరించింది. ఆకు లేకపోవడమే బాపుకి మంచిదైంది. తీగను ఎలా పెంచారో మొదలునుంచి చివరిదాకా కనిపిస్తుంది.

దిజోన్ స్టేషన్ బయట ఆవిడ కారు పెట్టుకుని ఉంది. ఎక్కగానే కదలలేదు. ఒక మ్యాపు తీసి బాపు ఒళ్లో పరిచింది. దిజోన్‌నుంచి దక్షిణానికి సుమారు అరవై కిలోమీటర్ల సన్నటి కొండవాలు, దాని నిండా రంగురంగుల ముక్కలు. ఒక్కో ముక్కను ఇక్కడ 'క్లిమా' అంటారు. మొత్తం 1,247. ఒక్కోదానికి ఒక్కో హద్దు, ఒక్కో పేరు, వందల ఏళ్లుగా. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పేర్లకు అర్థాలు కూడా చెప్పింది. 'పెరియేర్' అంటే రాళ్లు తవ్విన చోటు. 'బ్రులే' అంటే కాలిన నేల. నేను తెలుగులో చెబుతుంటే బాపు మ్యాపు మీంచి తల ఎత్తకుండానే "మన రాళ్ల చెలక అన్నట్టే" అన్నాడు.

మొదట ఆగింది వోన్-రొమానే ఊరి వెనక. ఇరుకు బండిబాట, నడుములోతు రాతి గోడ, ఒక రాతి శిలువ. ఆ గోడ వెనక ఉన్నదే రొమానే-కొంటీ. ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్లలో ఒకటి ఆ ముక్కలోంచే వస్తుంది. దారి మీదే ఉండండి, దయచేసి తోటలోకి దిగకండి అని అక్కడ ఒక పలక ఉంటుంది. ఆ తోట నడిపే సంస్థ సెల్లార్లు బయటివాళ్లకు తెరవదు. చూడగలిగేది ఈ గోడ దాకానే.

"ఎంత ఉంటది ఇది?" అన్నాడు బాపు.

1.8 హెక్టార్లు అంది గైడు. నేను ఫోన్‌లో ఎకరాల్లోకి మార్చాను. దాదాపు నాలుగున్నర.

బాపు గోడ మీద చెయ్యి పెట్టి ఈ చివరనుంచి ఆ చివరకు చూశాడు. మళ్లీ చూశాడు. "మన తోటంత" అన్నాడు. అమ్మ ఆయన పక్కకు జరిగి నిలబడింది. తోట మాట ఆయన నోట విని ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు.

ఆ మాటతో కట్ట తెగింది. తీగ మోకాలెత్తే ఉందేంది? పందిరెందుకు వెయ్యరు? మొక్కకూ మొక్కకూ మధ్య ఇంత దగ్గరెందుకు? అన్నిటికీ గైడు ఓపికగా చెప్పింది. ఇక్కడి బాధ ఎండ కాదు, చలి. గెల నేలకు దగ్గరగా ఉంటే రాళ్లలో నిలిచిన వేడి తగులుతుంది. హెక్టారుకు దాదాపు పదివేల మొక్కలు. అంత దగ్గరగా ఉంటే వేర్లు పక్కకు పోలేక సున్నపురాయి పగుళ్లలోంచి కిందికి దిగుతాయి. ఈ తోటలకు నీళ్లు పెట్టరు. వాన పడ్డదే. ఇది చెప్పినప్పుడు బాపు నన్ను రెండుసార్లు అడిగాడు, నేను సరిగ్గా అనువాదం చేస్తున్నానా అని. బోర్ల మీద మేం పోసిన డబ్బంతా ఆయన ముఖంలో కనిపించింది నాకు.

వాలు సంగతి ఆయనే కనిపెట్టాడు. పైన నేల పల్చన, కింద నీళ్లు నిలిచే బరువు మట్టి, నడుమ ఉన్నదే మంచిది కదా అన్నాడు. గైడు నవ్వి, కిందనున్న పెద్ద రోడ్డును చూపించింది. దానికి అవతల చదునుగా ఉన్నవి చాలావరకు మామూలు వైన్లకు పోతాయి. ఇవతల వాలు ఎక్కేకొద్దీ ఊరి పేరుతో అమ్మేవి, తర్వాత వాటికంటే మేలైన ప్రెమియే క్రూ, నడుమ భాగంలో అన్నిటికన్నా పై తరగతి గ్రాన్ క్రూ. పిల్లలకు పాఠాల్లో చెప్పే సంగతి ఒక మేడ్చల్ రైతు కాళ్లతో తెలుసుకున్నాడని ఆవిడ అంటే, ఆ మాట బాపుకి చెబుతున్నప్పుడు నా గొంతు పూడుకుపోయింది.

అక్కడినుంచి క్లో ద వూజో. సిస్టర్షియన్ సన్యాసులు మధ్యయుగంలో గోడ కట్టి పెంచిన యాభై హెక్టార్ల తోట. ఫ్రెంచి విప్లవంలో చర్చి భూములతోపాటు ఇదీ ప్రభుత్వం చేతికి పోయి అమ్ముడైంది. తర్వాత కొన్నాళ్లు ఒకే యజమాని కింద ఉండి, 1889లో మళ్లీ ముక్కలైంది. తండ్రి ఆస్తి పిల్లలందరికీ పంచాలన్న నెపోలియన్ కాలపు చట్టం వల్ల ఆ ముక్కలు ఇంకా చిన్నవయ్యాయి. ఇవాళ ఆ ఒక్క గోడ లోపల ఎనభై మంది దాకా యజమానులున్నారు. లోపలి కోటలో పాత చెక్క గానుగలున్నాయి, ఒక్కో దూలం పెద్ద మర్రి మానంత. అందరూ వాటినే చూస్తారు. బాపు మాత్రం గోడ దగ్గరే నిలబడి ఎనభై మంది లెక్క మళ్లీ అడిగాడు. "ఇంతమంది పంచుకున్నరు. తోట మాత్రం తోటనే ఉన్నది" అన్నాడు. దానికి నేనేమీ అనలేదు, అనువాదమూ చెయ్యలేదు.

మధ్యాహ్నానికి ముందు గైడు మమ్మల్ని ఊరి చివర ఒక తోటకు తీసుకుపోయింది. నేను ఉత్తరంలో అడిగిన కోరిక ఇది: కటింగు చేసే మనిషిని చూడాలని. అరవై దాటిన రైతు, చేతిలో బ్యాటరీ కత్తెర, జేబులో మామూలు కత్తెర. పక్కన పాత ఇనప డ్రమ్మును కోసి చేసిన తోపుడు బండి, దాంట్లో కోసిన కొమ్మలు కాలుతున్నాయి. పొగ సాళ్ల మీదుగా పాకుతోంది. మార్చి కటింగుకు మించింది లేదని ఇక్కడ సామెత ఉందట. మేం అక్టోబరుకొకసారి, ఏప్రిల్‌కొకసారి, ఏడాదికి రెండుసార్లు చేస్తామని బాపు చెబితే, ఆ రైతు కత్తెర ఆపి ఆశ్చర్యంగా చూశాడు. చలికాలం లేకపోతే తీగ నిద్రపోదు కదా, అందుకని మనమే కోసి లేపాలని బాపు వివరణ. ఇద్దరికీ మధ్య గైడు, నేను. కాసేపటికి మా అవసరం తగ్గింది.

ఇక్కడి పద్ధతిలో మొక్కకు ఒక్క పొడుగు కర్ర ఉంచి, దాన్ని వంచి ఇనప తీగకు కడతారు. పక్కన రెండు కన్నులున్న పొట్టి ముక్క వదులుతారు, అది వచ్చే ఏటికి. రైతు జేబులోని కత్తెర తీసి బాపు చేతిలో పెట్టాడు. బాపు మొక్క చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, బెరడు మీద బొటనవేలితో రాసి, కన్ను ఎటు చూస్తోందో చూసుకుని, దానికి అంగుళం పైన కొంచెం వాలుగా కోశాడు. రైతు తల ఊపాడు. కోసిన చోట రెండు నిమిషాల్లో ఒక నీటి బొట్టు ఉబ్బి, నిలిచి, జారింది. ఫ్రెంచివాళ్లు దాన్ని తీగ కన్నీళ్లంటారని గైడు చెప్పింది. బాపు ఆ బొట్టును వేలితో తీసుకుని, మా తోటలో చేసినట్టే, నాలుక మీద పెట్టుకున్నాడు.

భోజనం బోన్‌లో. అమ్మకు సలాడ్, మేక పాల చీజు, ఉడికించిన ఆలుగడ్డ. దిజోన్ ఆవముద్ద రొట్టెకు రాసుకుని, "ఆవకాయ ఘాటే గాని కారం లేదు" అని ఇంకొంచెం వేయించుకుంది.

సెల్లార్ ఒక్కటే కాబట్టి తొందర లేకుండా గడిపాం. నేలమాళిగ, మెట్లు జారుడు, స్వెట్టర్ తప్పకుండా కావాలి. పీపా ఒక్కోటి 228 లీటర్లు, అంటే మూడు వందల సీసాలు. చెక్కలోంచి వైన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతుంటుంది, అందుకని తరచూ నింపుతూ ఉండాలి. మంచి తోటల్లో దిగుబడికి పరిమితి ఉంటుంది. బాపు లెక్కేస్తే రెండు మూడు మొక్కలకు ఒక సీసా తేలింది. "మనం ఒక్క తీగకు బుట్టలు బుట్టలు దింపినం" అన్నాడు. యజమానురాలు గాజు గొట్టంతో పీపాలోంచి తీసి పోసింది. రుచి చూసి ఉమ్మేయమని బకెట్ పెడితే అమ్మకు నచ్చలేదు, ఎవరి ముందైనా ఎలా ఉమ్మడమని. ఆవిడే ముందు ఉమ్మి చూపించింది. ఇది ఇక్కడ మర్యాదే, మొహమాటపడనక్కర్లేదు.

రెండు గ్లాసులు పెట్టింది. ఒకే ద్రాక్ష, పినో న్వార్. ఒకే ఏడు, ఒకే చేతులు చేసినవి. మధ్యలో బండిబాట మాత్రమే ఉన్న రెండు ముక్కల్లోవి. ఏది ఏదో చెప్పలేదు. బాపు రెండూ తాగి రెండోదాన్ని చూపించి, "ఇది పై నేలది. మింగినంక గూడ నోట్లె ఉంటున్నది" అన్నాడు. అది నిజంగానే పై ముక్కది.

సాయంత్రం రైల్లో బాపు జేబులోంచి డైరీ తీశాడు. తోటల పేర్లు చెప్పమన్నాడు. రొమానే-కొంటీ, రిష్‌బూర్, లా తాష్, క్లో ద వూజో. నేను ఒక్కో అక్షరం పలుకుతుంటే తెలుగులో రాసుకున్నాడు. తర్వాత ఒక గీత గీసి, నేను చెప్పకుండానే కింద ఇంకా రాశాడు. రాళ్ల చెలక. బాయికాడి మడి. తాటిచెట్ల కింది చెలక. అక్కడ ఆగాడు.

"కడీలు మొదలైన కాడ, ఆ మూలకు ఏమనేటోళ్లం?" అని అమ్మను అడిగాడు.

"పుట్టగడ్డ" అంది అమ్మ. "మీ అమ్మ అట్లనే అనేది."

బాపు రాసుకున్నాడు.