హోలీ ఐలాండ్‌లో ఎడ్నా ఓబ్రయన్ సమాధి దగ్గర

మొన్న ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉండే మా పిన్ని కూతురింటికి వెళ్ళినప్పుడు టూమ్‌గ్రేనీ చూద్దామే అన్నాను, "అక్కడేముందక్కా" అంది, ఐరిష్ రచయిత్రి ఎడ్నా ఓబ్రయన్ పుట్టిన ఊరు అని చెప్తే సరే పద అని కార్ తీసింది. కిల్లలూ దాటాక లాక్ డెర్గ్ సరస్సు పక్కపక్కనే వస్తూ ఉంటుంది, ఆ రోడ్డు ఎంత బాగుందో!

ఊరు చాలా చిన్నది. 1930లో ఇక్కడే పుట్టింది ఆవిడ, డబ్లిన్‌లో మందుల షాపులో పనిచేసింది, తర్వాత లండన్ వెళ్ళి మూడు వారాల్లో రాసేసిన మొదటి నవల 'ది కంట్రీ గర్ల్స్', 1960లో వచ్చింది. ఇద్దరు పల్లెటూరి ఆడపిల్లలు, కాన్వెంటు, డబ్లిన్, వాళ్ళ ఆశలు, అంతే కథ. దానికే ఐర్లండ్ ప్రభుత్వం బ్యాన్ చేసింది, ఊరి ఫాదర్ కాపీలు తెచ్చి చర్చి ఆవరణలో తగలబెట్టించాడట, తర్వాతి నవలల్ని కూడా వరసగా బ్యాన్ చేశారు.

నన్ను ఇప్పటికీ వదలనిది మాత్రం వాళ్ళమ్మ విషయం. ఆ పుస్తకం అంకితమిచ్చింది అమ్మకే. అమ్మ పోయాక ఇంట్లో దిండు గలీబులో దాచిన కాపీ దొరికిందట, అంకితం పేజీ చింపేసి ఉంది, నచ్చని మాటలన్నీ నల్ల సిరాతో కొట్టేసి ఉన్నాయి. కొట్టెయ్యాలంటే ముందు ప్రతి మాటా చదవాలి కదా, ఆవిడ కూర్చుని చదివింది!

లండన్‌లో ఇంకో రకం అన్యాయం, ఆవిడ అందం గురించీ ఇంట్లో ఇచ్చే పార్టీల గురించీ రాసినంత ఆవిడ వాక్యం గురించి రాయలేదు, నాకు దీనిమీదే ఎక్కువ కోపం. ఎనభై దాటాక నైజీరియా వెళ్ళి, బోకో హరామ్ ఉగ్రవాదులు ఎత్తుకెళ్ళిన ఆడపిల్లలతో మాట్లాడి 2019లో నవల రాసిన మనిషి అండీ ఆవిడ. 2015లో ఐర్లండ్ కళాకారుల సంస్థ ఆస్డానా తన అత్యున్నత గౌరవం ఇచ్చింది. 2024 జూలైలో 93 ఏళ్ళకి పోతే, పుస్తకం కాల్చారన్న ఆ ఊళ్ళోనే అంత్యక్రియల ప్రార్థన జరిగింది, అప్పటి దేశాధ్యక్షుడు మైకేల్ హిగ్గిన్స్ వచ్చి కూర్చున్నారు.

ఆవిడ సమాధి ఆ సరస్సులోని హోలీ ఐలాండ్ అనే దీవి మీద ఉంది, మౌంట్‌షానన్ నుంచి పడవెక్కాం. ఆవిడ శవపేటికని కూడా పడవలోనే దీవికి తీసుకెళ్ళారు. దీవి మీద పాత చర్చిల మొండిగోడలు, ఎత్తైన రౌండ్ టవర్, మోకాళ్ళ దాకా తడిగడ్డి, సరస్సు మీంచి ఒకటే గాలి. సమాధి దగ్గర బ్యాగులోంచి నా పాత కాపీ తీసి మొదటి పేజీ గట్టిగా చదివాను, పేజీలు ఎగిరిపోతుంటే చెల్లి రెండు చేతులతో పట్టుకుంది.

పడవతను పిలుస్తున్నాడు. "ఇంకో పేజీ చదువక్కా" అంది.