వీధిలో ఒదిగిన ఇళ్ళు

అమెరికాలో దక్షిణ కెరొలైనా తీరాన ఉన్న చార్ల్‌స్టన్ పాతపట్నం వీధుల్లో నాలుగు రోజులు తిరిగి వచ్చినప్పటి నుంచి, ఇల్లు కూలిన జాగాలో మళ్ళీ ఏం కట్టాలన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

పాత కట్టడాల రక్షణకు 1931లోనే ప్రత్యేక నిబంధన చేసుకున్న ఊరది. అమెరికాలో అలాంటి వాటిలో మొదటిది అదే. అయినా 1970ల నాటికి వ్యాపారం శివారు మాల్స్‌కు తరలిపోయి, నడిబొడ్డున ఉన్న కింగ్ స్ట్రీట్ వెలవెలబోయింది. వెనక వీధుల్లో ఖాళీ జాగాలు పిచ్చిమొక్కలతో మిగిలాయి. 1975 డిసెంబరులో మేయరై, నలభై ఏళ్ళు ఆ పదవిలో ఉన్న జోసెఫ్ రైలీ హయాంలో, పేదల కోసం కట్టే ప్రభుత్వ గృహాలను ఒకేచోట గుట్టగా పోయకుండా, ఆ జాగాల్లోనే కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ అన్నట్టు సర్ది కట్టారు.

కట్టిన తీరే అసలు విశేషం. ఆ ఊరి సంప్రదాయపు ఇంటిని 'సింగిల్ హౌస్' అంటారు: వీధికి ఒక గది వెడల్పే కనిపిస్తుంది, ఇల్లు లోపలికి పొడుగ్గా సాగుతుంది, ఆ పొడవునా గాలి కోసం వరండా ఉంటుంది. వీధి తలుపు తీస్తే గదిలోకి కాదు, వరండాలోకే అడుగుపెడతాం. మన అరుగులాగే అది వీధికీ ఇంటికీ మధ్య ఉండే చోటు. కొత్త ఇళ్ళకూ అదే ఇరుకు ముఖం, అదే వరండా, అదే చెక్క గోడ పెట్టారు. అందువల్ల దారినపోయేవారికి పేదవాడి ఇల్లేదో తెలియదు. పేదరికాన్ని గోడ మీద రాయకపోవడం కంటే గొప్ప మర్యాద నాకు తోచడం లేదు.

ఊరు కోలుకున్నాక స్థలాల ధరలు పెరిగి, ఒకప్పుడు అక్కడ అధిక సంఖ్యాకులైన నల్లజాతి కుటుంబాలు చాలావరకు వెళ్ళిపోయాయి. ఆ ప్రభుత్వ గృహాలు ఇంకా ఎక్కువ కట్టి ఉండాల్సిందని నా నమ్మకం.

విశాఖ వన్‌టౌన్‌లో మా తాతగారి వీధిలో పెంకుటిల్లు పడిన చోటల్లా అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తోంది; అరుగు ఉండాల్సిన చోట కార్లు నిలుస్తున్నాయి. మా చిన్నాన్నగారి 180 గజాల జాగా మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని ఆయన బిల్డరు చేతికి ఇవ్వకముందే, నేను తీసుకొచ్చిన ఫొటోలు, గీసుకొచ్చిన కొలతలు ఆయన ముందు పెట్టాలి.