అప్‌డేట్ అయ్యాక టీవీ లోగో దగ్గరే ఆగిపోతే

ఈమధ్య మా షాపుకి వచ్చే స్మార్ట్ టీవీల్లో చాలావాటిది ఒకటే కథ. "అప్‌డేట్ అడిగింది, ఓకే నొక్కాం, అప్పట్నుంచి ఆన్ కావట్లేదు." పగిలిన ప్యానెల్ తెచ్చినవాళ్లు తలవంచుకుని వస్తారు, పిల్లాడు బంతి విసిరాడని వాళ్లే చెప్పేస్తారు. అప్‌డేట్ కేసు తెచ్చినవాళ్లు మాత్రం కోపంగా వస్తారు. కొత్తది కొనిపించడానికి కంపెనీవాడు కావాలనే చంపేశాడని వాళ్ల నమ్మకం. నేను వాదించను. వెనక మూత విప్పి, ఏం కనబడిందో చూపిస్తాను.

ఖమ్మంలో ఇన్నేళ్లుగా టీవీలు విప్పుతున్న అనుభవంతో చెప్తున్నా, అప్‌డేట్ నేరుగా చంపిన టీవీలు తక్కువ. లోపల ఏదో ఒకటి అప్పటికే చివరికొచ్చి ఉండి, అప్‌డేట్ రోజు బయటపడ్డవే ఎక్కువ. ఎందుకంటే ఆ రోజు టీవీకి మామూలు పని కాదు. వందల ఎంబీల ఫైలు దించుకోవాలి, విప్పాలి, మెమరీలో పాతది చెరిపి కొత్తది రాయాలి, ఆపైన రీస్టార్ట్ కావాలి. రిమోట్‌తో ఆపితే టీవీ పూర్తిగా ఆగదు, స్టాండ్‌బైలో ఉంటుంది. గోడ స్విచ్ ముట్టుకోని ఇళ్లలో కొన్ని టీవీలు నెలల తరబడి మొదటినుంచి బూట్ అయ్యుండవు. అప్‌డేట్ వాటిని బలవంతంగా బూట్ చేయిస్తుంది.

షాపుకి తెచ్చే ముందు ఇంట్లో చేయాల్సిన మొదటి పని, ఆగడం. పెద్ద అప్‌డేట్ తర్వాత వచ్చే మొదటి బూట్ చాలా నెమ్మదిగా ఉంటుంది. యాప్‌లన్నింటినీ కొత్త సిస్టమ్‌కి సర్దుకుంటూ పది పదిహేను నిమిషాలు లోగో మీదే ఉండే టీవీలు నాకు తెలుసు. ఐదో నిమిషంలో టెన్షన్‌పడి ప్లగ్ పీకేస్తే, బాగయ్యేది కాస్తా నిజంగానే పాడవుతుంది. కనీసం అరగంట వదిలేయండి, భోజనం చేసి రండి.

అప్పటికీ రాకపోతే అనుమానించాల్సింది సాఫ్ట్‌వేర్‌ని కాదు, కరెంటుని. మా రోడ్డులో టిఫిన్ సెంటర్ నడిపే అన్న ఒకాయన 32 అంగుళాల టీవీని దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాడు. "తమ్మీ, నిన్నటిదాకా మంచిగనే ఉంది. రాత్రి అప్‌డేట్ అన్నది, మా పిలగాడు ఓకే కొట్టిండు. పొద్దున్నుంచి లోగో వస్తది, పోతది, మళ్ల వస్తది." షాపులో ప్లగ్ పెడితే అదే వరస. మూత విప్పి పవర్ సప్లైలో 12 వోల్టుల లైను మీద మీటరు పెట్టాను. స్టాండ్‌బైలో 12 చూపిస్తోంది. లోగో వచ్చి బ్యాక్‌లైట్ వెలగ్గానే 9కి జారింది, బోర్డు రీసెట్ అయింది, మళ్లీ 12కి ఎక్కింది. ఔట్‌పుట్ వైపు కరెంటుని నిలకడగా ఉంచే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ నెత్తి చదునుగా ఉండాల్సింది, ఉబ్బి ఉంది. పెనం వేడికి, నూనె ఆవిరికి ఎదురుగా గోడకి వేలాడే టీవీలో కెపాసిటర్ ఎండిపోవడంలో వింతేముంది? అది మార్చగానే టీవీ నేరుగా హోమ్ స్క్రీన్‌కి వచ్చేసింది. సెట్టింగ్స్ తెరిచి చూపించాను, కొత్త వెర్షన్ పూర్తిగా ఎక్కి ఉంది. అప్‌డేట్ తన పని తాను చక్కగా ముగించింది, ఆ తర్వాతి రీస్టార్ట్‌ని పవర్ సప్లై మోయలేకపోయింది. "అయితే అప్‌డేట్ కొట్టకపోతే ఇంకా నడుస్తుండెనా?" అనడిగాడు. ఇంకొన్నాళ్లు నడిచేదేమో. ఎప్పుడో ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ఇదే జరిగేది.

మీటరు లేనివాళ్లు కూడా కొంత చూసుకోవచ్చు. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ తీగలన్నీ పీకేయండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, పాత స్టెబిలైజర్ పక్కనపెట్టి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. ప్లగ్ తీసి, టీవీకే ఉన్న పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి, కాసేపాగి మళ్లీ పెట్టండి. స్ట్రీమింగ్ స్టిక్ వాడేవాళ్లకి ఇంకో మాట. దాన్ని టీవీ యూఎస్‌బీ పోర్టుకే గుచ్చి నడుపుతుంటే, మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్కప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లే. సినిమా చూసినంతసేపు సరిపోయినట్టే ఉంటుంది, అప్‌డేట్ తర్వాత బూట్‌లో చాలక రీస్టార్ట్ అవుతూ కూర్చుంటుంది. డబ్బాలో వచ్చిన అడాప్టర్ అల్మారాలో ఎక్కడో ఉంటుంది, వెతకండి.

కరెంటు సరిగ్గా ఉందని తేలాక తెర వంక చూడాలి. లోగో వచ్చిందని అందరూ చెప్తారు, ఏ లోగో అని నేను అడుగుతాను. ఆండ్రాయిడ్ టీవీ ఆన్ కావడంలో మెట్లున్నాయి. ప్రాసెసర్ చిప్పులోనే చెరగకుండా రాసిన చిన్న ప్రోగ్రాం మొదట లేస్తుంది. అది బూట్‌లోడర్‌ని, అంటే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాంని, పిలుస్తుంది. బూట్‌లోడర్ మెమరీని, తెరని సిద్ధం చేసి సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌ని లేపుతుంది. కెర్నల్ లేచాక ఆండ్రాయిడ్, చివర్న హోమ్ స్క్రీన్. కంపెనీ పేరు కదలకుండా కనిపించే మొదటి బొమ్మ బూట్‌లోడర్ వేసేది. చుక్కలు తిరుగుతూ, రంగులు పారుతూ ఉండే బొమ్మ ఆండ్రాయిడ్ వేసేది. కదలని బొమ్మ దగ్గరే ఆగిందంటే కెర్నల్ లేవడం లేదు, లేదా సిస్టమ్ ఉన్న భాగం చదవలేకపోతోంది. కదిలే బొమ్మ దాకా వచ్చి అక్కడే గంటలు తిరుగుతోందంటే కింది మెట్లన్నీ బాగున్నట్టే. ఏదో యాప్ డేటా కొత్త వెర్షన్‌తో పొసగక గొడవ చేస్తుండొచ్చు, స్టోరేజీ నిండిపోయి ఉండొచ్చు. ఈ రెండోరకం ఇంట్లోనే బాగయ్యే అవకాశం ఉంది. ఎర్ర లైటు వెలిగి, ఏం నొక్కినా చలనం లేకుండా తెర నల్లగా ఉంటే బూట్‌లోడరే పోయి ఉండొచ్చు. అది మాత్రం షాపు పనే.

కదిలే బొమ్మ దగ్గర ఆగినవాళ్లు రికవరీ మెనూలోకి, అంటే టీవీని బాగుచేసుకోవడానికి విడిగా ఉండే మెనూలోకి, వెళ్లాలి. చాలా టీవీలకి ప్లగ్ తీసి, టీవీ మీది బటన్ నొక్కిపట్టుకుని ప్లగ్ పెడితే వస్తుంది. అందులో ముందు వైప్ క్యాష్ చేయండి, పోయేవి తాత్కాలిక ఫైళ్లే, మీదేమీ పోదు. ఫ్యాక్టరీ రీసెట్ ఆ తర్వాతి మాట. మా వాళ్లకి రీసెట్ అంటే భలే నమ్మకం, జ్వరమొస్తే ఇంజెక్షన్ అడిగినట్టు అడుగుతారు. యాప్‌లు, లాగిన్‌లు పోవడం ఒక్కటే కాదు, కొన్నిసార్లు అది ఉన్న సమస్యని పెద్దది చేస్తుంది. 2025 మార్చిలో టీవీకి తగిలించుకునే గూగుల్ రెండోతరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. అసలైనదేనని రుజువు చూపే లోపలి డిజిటల్ సర్టిఫికెట్ గడువు ముగియడం కారణం. అప్పుడు గూగుల్ అందరికీ చెప్పిన మాట, ఫ్యాక్టరీ రీసెట్ చేయకండని. ఊరుకున్నవాళ్లకి సరిచేసిన సాఫ్ట్‌వేర్ దానంతటదే వచ్చింది, తొందరపడి రీసెట్ కొట్టినవాళ్లవి మళ్లీ సెటప్ కాక ఇరుక్కున్నాయి. ఒకే రోజు ఒకే మోడల్ ఊరందరిదీ పోయిందంటే అది మీ ఇంట్లో తప్పు కాదు, చేయి కట్టుకుని రెండు రోజులు ఆగడమే మేలు. నిజంగా కంపెనీ పంపిన ఫైలే తప్పయిన సందర్భాలూ లేకపోలేదు. 2020 జూన్‌లో శాంసంగ్ బ్లూ-రే ప్లేయర్లు చాలా దేశాల్లో రీస్టార్ట్ అవుతూనే ఉండిపోయాయి. ఇంటర్నెట్ ద్వారా దిగిన ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలుని చదవబోయి ప్రతిసారీ కూలిపోవడమే కారణం. బూట్ మొదట్లోనే దాన్ని చదువుతుంది కాబట్టి మెనూ దాకా వెళ్లే దారే లేదు, ప్లేయర్‌ని సర్వీస్‌కి పంపాల్సి వచ్చింది.

కదలని లోగో కేసుల్లో బోర్డు ఏమంటోందో నేను నేరుగా వింటాను. దాదాపు ప్రతి మెయిన్ బోర్డూ లేచేటప్పుడు తను చేసేదంతా సీరియల్ లైను అనే సన్న తీగల దారి మీద అక్షరాలుగా పంపుతూ పోతుంది, దాన్నే లాగ్ అంటాం. ఆ అక్షరాలని లాప్‌టాప్‌కి అందించే యూఎస్‌బీ-టీటీఎల్ అనే చిన్న అడాప్టర్ చాలు, హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఏ కౌంటర్లోనైనా దొరుకుతుంది. గ్రౌండ్‌కి గ్రౌండ్, బోర్డు టీఎక్స్ (పంపేది) అడాప్టర్ ఆర్ఎక్స్‌కి (అందుకునేది), బోర్డు ఆర్ఎక్స్ అడాప్టర్ టీఎక్స్‌కి. నాలుగో తీగ, అదే కరెంటు ఇచ్చే వీసీసీ, కలపకూడదు, టీవీకి దాని కరెంటు దానికుంది. అడాప్టర్ 3.3 వోల్టులదై ఉండాలి. లాప్‌టాప్‌లో స్పీడు 1,15,200 పెట్టి ప్లగ్ వేస్తే అక్షరాలు పారడం మొదలవుతుంది. చాలా చైనా బోర్డుల్లో విడిగా పిన్నులు వెతకక్కర్లేదు, వీజీఏ పోర్టులో 12, 15 పిన్నుల మీదే వస్తుంది.

రిటైరైన మాస్టారొకరు 43 అంగుళాల టీవీ తెచ్చారు. "చూడు నాయనా, ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోలేదు, నేను మధ్యలో ముట్టుకోలేదు. మరి ఎందుకు పోయిందంటావు?" అని అన్నీ ముందే చెప్పేశారు. లాగ్ పెట్టాను. బూట్‌లోడర్ చకచకా వచ్చింది, కెర్నల్ లేచింది, ఆపైన తెర నిండా ఎమ్ఎమ్‌సీ ఎర్రర్ మైనస్ 110, ఐ/ఓ ఎర్రర్, మళ్లీ అదే. మైనస్ 110 అంటే అడిగిన చిప్పు గడువులోగా జవాబివ్వలేదని. ఫైలు ఎక్కలేదని కాదు, ఎక్కాల్సిన చోటే లేదని. టీవీలో సిస్టమ్, యాప్‌లు, ఫొటోలు అన్నీ ఉండేది ఈఎమ్ఎమ్‌సీ అనే ఒక్క చిప్పులో. చవక టీవీల్లో అది 8 జీబీ. ప్రతి యాప్ రోజంతా అందులో క్యాష్ రాస్తూనే ఉంటుంది, ప్రతి గడినీ ఇన్నిసార్లే చెరిపి రాయగలం. ఖాళీ తక్కువైతే అవే గడులు మళ్లీ మళ్లీ అరుగుతాయి. ఈఎమ్ఎమ్‌సీ 5.0 నుంచి ఈ అరుగుదల లెక్క చిప్పే రాసిపెట్టుకుంటోంది, పది శాతానికొక మెట్టు చొప్పున. పూర్తిగా అయిపోతే 0బి చూపిస్తుంది. ప్రోగ్రామర్ అనే చిప్పు చదివే పరికరానికి కలిపి చదివితే మాస్టారి చిప్పు చూపించింది అదే. పాఠం చెప్పినట్టే ఆయనకి తెర మీద చూపించాను, అద్దాలు సవరించుకుని రెండుసార్లు చదువుకున్నారు.

చిప్పు మార్చడం కష్టం కాదు, జాగ్రత్త కావాలి. అడుగున 153 సోల్డర్ గుండ్లుంటాయి, హాట్ ఎయిర్‌తో లేపి కొత్తది కూర్చోబెట్టాలి. అసలు మెలిక డేటాది. పాత చిప్పు ఇంకా కాస్త చదవనిస్తుంటే ముందు దాన్ని పూర్తిగా కాపీ తీసుకోవాలి. ఆ టీవీకే ప్రత్యేకమైన మాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు), సినిమా యాప్‌లు హెచ్‌డీ ఇచ్చే ముందు చూసే వైడ్‌వైన్ తాళాలు అందులోనే ఉంటాయి. ఇంకో టీవీ చిప్పు కాపీ (డంప్) తెచ్చి కొట్టేస్తే టీవీ లేస్తుంది, కస్టమర్ సంతోషంగా వెళ్తాడు, వారం తర్వాత సినిమా యాప్‌లో హెచ్‌డీ రావట్లేదని తిరిగొస్తాడు. మెకానిక్ దగ్గరికి వెళ్తే ఈ ప్రశ్న ముందే అడగండి: "పాత చిప్పు బ్యాకప్ తీస్తారా?" మాస్టారిది అదృష్టవశాత్తూ తాళాలున్న భాగం చదవనిచ్చింది.

పెన్‌డ్రైవ్‌తో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే దారి కూడా ఉంది, కంపెనీ సైట్‌లో మీ మోడల్ ఫైలు దొరికితేనే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలు పేరు ఒక్క అక్షరం మార్చకుండా, ఏ ఫోల్డర్లోనూ పెట్టకుండా వేయాలి. మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేసినప్పుడు కంప్యూటర్ పేరు చివర బ్రాకెట్లో 1 తగిలిస్తుంది, టీవీ దాన్ని గుర్తుపట్టదు. పాత 8 జీబీ, 16 జీబీ పెన్‌డ్రైవ్ అయితే పేచీ ఉండదు. ఎక్కుతున్నప్పుడు లైటు మిణుకుతుంది, అది ఆగేదాకా చేయి పెట్టకండి.

యూట్యూబ్ వీడియో కింద లింకులో దొరికిన ఫైలు మాత్రం వద్దు. ఒకే పేరు, ఒకే సైజు టీవీలో కంపెనీ ఈ నెల ఒక ప్యానెల్, వచ్చే నెల ఇంకో ప్యానెల్ వేస్తుంది. ప్యానెల్‌కి సరిపడని ఫైలు ఎక్కితే బొమ్మ తలకిందులవుతుంది, లేదా మనుషుల ముఖాలు ఫొటో నెగెటివ్‌లా కనబడతాయి, రిమోట్ కూడా మాట వినదు. వెనక స్టిక్కర్ మీది మోడల్ చాలదు. మూత విప్పి బోర్డు నంబరు, ప్యానెల్ నంబరు రెండూ చూడాల్సిందే.

కరెంటు కోత సంగతి కూడా అడుగుతారు. ఆండ్రాయిడ్ 7తో 2016లో ఏ/బీ పద్ధతి వచ్చింది. నడుస్తున్న సిస్టమ్‌ని ముట్టుకోకుండా పక్కనున్న రెండో భాగంలో కొత్తది రాస్తుంది, అది లేవకపోతే పాతదానికే వెనక్కి వస్తుంది. ఇలాంటి టీవీలో మధ్యలో కరెంటు పోయినా పెద్దగా భయం లేదు. కానీ దానికి చోటు కావాలి కాబట్టి 8 జీబీ టీవీల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు, పాతదాని మీదే కొత్తది రాస్తాయి. మీ టీవీ ఏరకమో తెలియకపోతే, ఈదురుగాలి మొదలైన సాయంత్రం ఓకే నొక్కకండి. రిమైండర్ మళ్లీ వస్తుంది, ఎటూ పోదు.

ఇక డబ్బుల విషయం. కెపాసిటర్, పెన్‌డ్రైవ్‌తో సాఫ్ట్‌వేర్ అయితే ఎవరైనా చేయించుకోవచ్చు. ఈఎమ్ఎమ్‌సీ మార్పు 43 అంగుళాలు, ఆపై టీవీలకి గిట్టుబాటే. ఏళ్లు నడిచిన 32 అంగుళాల దానికి ప్యానెల్ బాగుంటే చిప్పు మార్చమని నేను చెప్పను, ఏ ప్యానెల్‌కైనా సరిచేసుకోగల యూనివర్సల్ బోర్డు వేసి ఇస్తాను. స్మార్ట్ ఫీచర్లు పోతాయి, కేబుల్ బాగా వస్తుంది, యాప్‌లు కావాలంటే స్టిక్ పెట్టుకోవచ్చు. వారంటీలో ఉన్న టీవీ అయితే మాత్రం నా దగ్గరికీ తేవద్దు, ఇంకెవరి దగ్గరికీ వద్దు. మూత స్క్రూ మీది సీలు చిరిగిందంటే కంపెనీ మెకానిక్ టీవీ వంక కూడా చూడడు. బిల్లు వెతికి, లోగో దగ్గర ఆగుతున్నది ఫోన్‌లో వీడియో తీసి, ముందు కంప్లెయింట్ పెట్టండి.