జాఫ్నా నుంచి ఇంటికి ఉత్తరాలు

1987 జూలై 29న కొలంబోలో భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరాక మా యూనిట్‌ను ఉత్తర శ్రీలంకలోని జాఫ్నాకు పంపారు. శాంతిని కాపాడే పని అని ఇంట్లో చెప్పి బయలుదేరాను. అక్టోబరులో తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈతో పోరు మొదలయ్యాక ఏమని రాయాలో తోచలేదు.

ఇంటివాళ్ల దగ్గరున్న చిరునామా ఒక్కటే: నా నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. శ్రీలంక అన్న మాట దానిమీద ఉండదు. ఎక్కడున్నామో, ఏం చేస్తున్నామో మేమూ రాయకూడదు. జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో దిగే విమానాల్లో ముందు మందుగుండు, రేషన్. తిరుగు ప్రయాణంలో ముందు గాయపడ్డవాళ్లు. డాక్ సంచుల వంతు తర్వాతే. అలాగే ఉండాలి కూడా. కానీ దానివల్ల తర్వాత రాసిన ఉత్తరం ముందు అందేది. పిల్లవాడికి జ్వరం తగ్గిందన్న కబురు ముందొచ్చింది, ఒళ్లు కాలిపోతోందన్న కబురు తర్వాత వచ్చింది. మా ఆవిడకు తేదీ వేసే అలవాటు లేదు. జ్వరం తిరగబెట్టిందేమోనని సెంట్రీ డ్యూటీలో తెల్లవార్లూ అదే బెంగ. అప్పటి నుంచి ఇద్దరం ప్రతి ఉత్తరం పైన మూలన వరుస నంబరు వేశాం. ఏది దారిలో పోయిందో తెలిసేది, అందులోని సంగతి మళ్లీ అడిగే వీలుండేది. దూరాన ఉన్నవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు కనిపించలేదు.

జాఫ్నా పట్టణం కోసం పోరు సాగినన్నాళ్లూ డాక్ లేదు. దీపావళి కూడా అలాగే గడిచింది. ఊళ్లో మాత్రం రోజూ పేపరు వస్తుంది, రేడియో చెబుతుంది. కాలికి గాయమై మద్రాసు వెళ్తున్న మా నాయక్‌కు సిగరెట్టు పెట్టె అట్ట చింపి, వెనక పెన్సిలుతో "క్షేమంగా ఉన్నాను, అమ్మకు చెప్పు" అని రాసిచ్చాను. అంత నొప్పిలోనూ అతను దాన్ని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుని, ఆసుపత్రి నుంచి కవరులో పంపాడు. ఆ నెలంతటిలో మా ఇంటికి అందిన కబురు అదొక్కటే. అతని రుణం తీర్చుకోలేను.

మేమున్న వీధిలో ఒక ముసలి మాస్టారు ఉండేవారు. కొడుకు మద్రాసులో ఉన్నాడట. అబ్బాయి బతికున్నాడో లేదో కూడా ఆయనకు తెలియదు. నా ఉత్తరం ఆలస్యమైనా ఏదో ఒకనాటికి వస్తుంది. ఆయనకు ఆ ఆశ కూడా లేదు. నేను ఇన్‌లాండ్ లెటరు విప్పుతుంటే ఆయన తల తిప్పుకునేవారు.

టెలిగ్రాం అంటే అమ్మకు వణుకు. ఆ యుద్ధంలో వెయ్యి మందికి పైగా భారత సైనికులు చనిపోయారు, ఆమె భయం ఉత్తది కాదు. మంచి కబురైనా నా నుంచి తంతి రాదని ముందే మాట ఇచ్చాను. అందుకే తిరిగొచ్చి మద్రాసు రేవులో దిగినప్పుడు, తోటివాళ్లందరూ తంతి ఆఫీసు ముందు వరుస కడితే నేను నేరుగా సెంట్రల్ స్టేషనుకు వెళ్లి రైలెక్కాను.